బోర్లించిన రొట్టె

నలభై తొమ్మిదో సంవత్సరం వేసవిలో మా ఊళ్ళో ఒక నోటరీని పదమూడుసార్లు చంపారు. పదమూడుసార్లూ మా నాన్న ఆయనకి ఎదురుగా పాదిరీ అంగీ తొడుక్కుని కూర్చుని సూపు జుర్రుతూనే ఉన్నాడు. ఈ మాట తలుచుకుని నవ్వని మనిషి బ్రెవాన్‌లో ఇప్పటికీ లేడు.

ఎందుకంటే మా నాన్న పాదిరీ కాదు సరికదా, పాదిరీ ఎదురొస్తే వీధి మారే మనిషి. ఊరి బడికి హెడ్‌మాస్టరు. పేరు ఒగ్యుస్త్ బార్బెలే అయినా అందరికీ ఉట్టి మేష్టారే. నల్లపిల్లి అడ్డొచ్చిందని ఎవడైనా పిల్లాడు బడికి ఆలస్యంగా వస్తే, "పిల్లికి నాలుగు కాళ్ళు, నాకు బుర్ర ఉంది" అని వాడిచేత వందసార్లు రాయించేవాడు. అలాంటివాణ్ణి పట్టుకుని, పారిస్ నించి దిగిన సినిమా డైరెక్టరు దల్మాస్ గారు నడివీధిలో, "ఆహా, ఏం ముఖం! పుట్టు పాదిరీ!" అని చప్పట్లు కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఇంకేముంది, తిట్లు మొదలవుతాయనుకున్నాం.

"అంగీ నేనేసుకుంటే అసలు పాదిరీకి ఒళ్ళు మండుతుందంటారా?" అన్నాడు నాన్న.

"మండదూ మరి!" అన్నాడు పక్కనున్న మాంసం కొట్టు గుస్తావ్.

"అయితే కొలతలు తీసుకోండి."

అదీ మొదలు. ఊరి చివర కోటలో మకాం పెట్టారు సినిమావాళ్ళు. నవ్వుతూ నవ్వుతూ చూసే హత్య కథ. ఒక నోటరీ ఇంట్లో విందు జరుగుతుంటుంది. బల్ల మీద రొట్టె బోర్లా పెట్టి ఉంటుంది. మా దేశంలో రొట్టె బోర్లిస్తే ఆ ఇంట్లో చావు తప్పదంటారు. పూర్వం తలలు నరికే తలారి వాటా రొట్టెని బేకరీవాళ్ళు అలా బోర్లించి పక్కన పెట్టేవారట, అందుకని. విందు మధ్యలో లైట్లు పోతాయి. పది లెక్కపెట్టేలోగా మళ్ళీ వస్తాయి. చూస్తే నోటరీ సూపు గిన్నెలో ముఖం పెట్టి చచ్చిపడుంటాడు. పక్కన ఆ బోర్లా రొట్టె అలాగే ఉంటుంది. విందుకొచ్చిన ఇన్‌స్పెక్టరు దాన్ని చూసి మీసం దువ్వుకుంటాడు.

రెండోరోజే కోట మెట్ల మీద జారి, పుస్తకం రాసే అమ్మాయి కాలు విరగ్గొట్టుకుంది. సినిమాల్లో అదొక పెద్ద పని. గ్లాసులో వైన్ ఎంతవరకూ ఉంది, ఎవరి కోటుకి ఎన్ని గుండీలు పెట్టి ఉన్నాయి, కొవ్వొత్తి ఎంత కరిగింది, అన్నీ చూసి రాసుకోవాలి. ఈ ముక్క ఇవాళ తీస్తారు, దాని ముందుముక్క వచ్చేవారం తీస్తారు. తెర మీద రెండూ అతకాలి కదా! నేనప్పుడు తపాలా ఆఫీసులో ఉత్తరాలు ఏరే పనిలో ఉన్నాను. ఇరవై రెండేళ్ళు. చోద్యం చూడ్డానికి వెళ్ళి, "అయ్యో, ఇన్‌స్పెక్టరు గారి టై పొద్దున నీలం కదండీ, ఇప్పుడు ఆకుపచ్చయిందేం?" అన్నాను. దల్మాస్ గారు నా వైపు తిరిగి, "ఎవరమ్మాయివి? రా, ఇలా కూచో" అని పుస్తకం, పెన్సిలూ చేతిలో పెట్టాడు.

"అమ్మాయ్ సొలాంజ్, ఈ సినిమా ఒక్క తప్పు లేకుండా గట్టెక్కించావా, సెప్టెంబరులో తరవాతి సినిమాకి నువ్వే. తప్పొచ్చిందా, నీ ఉత్తరాలు నీకున్నాయి."

ఆ ఉద్యోగం నాకెంత కావాలో ఎలా చెప్పను! పొద్దున్నే నాలుగింటికే లేచి కూర్చునేదాన్ని. సైకిలెక్కి కోటకి వెళ్తుంటే పాటలు వాటంతటవే వచ్చేవి. తపాలా ఆఫీసు ముందునించి పోతుంటే తల కూడా తిప్పేదాన్ని కాదు.

ఆ సినిమాలోనే మా అన్నయ్య రెనే లైట్లు చూసేవాడు. ఊళ్ళో కరెంటు పనివాడు వాడొక్కడే. నాన్న, అన్నయ్య ఒకే గదిలో పొద్దస్తమానం ఉండాల్సిరావడం అదే మొదలు. అప్పటికి నాలుగేళ్ళయింది వాళ్ళిద్దరికీ మాటల్లేక. అన్నయ్య యుద్ధంలో పట్టుబడి ఐదేళ్ళు జర్మనీలో ఖైదీగా ఉండి, తిరిగొచ్చినవాడు తిన్నగా బడికి పరిగెత్తాడు. నాన్న సుద్దముక్కతో బోర్డు దగ్గరున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ కొడుకుని చూసి, "వచ్చావా" అన్నాడు. వెంటనే బోర్డు వైపు తిరిగి లెక్క చెప్పుకుంటూ పోయాడు. అంతే! అన్నయ్య ఆ సాయంత్రమే కరెంటు కొట్టు పైన గది తీసుకున్నాడు. ఆదివారాలు పెరటి గుమ్మంలోంచి వచ్చి అమ్మని చూసి పోయేవాడు. ఇంటి బల్ల దగ్గర మాత్రం మళ్ళీ కూర్చోలేదు.

సరే, విందు రోజు వచ్చింది. బల్ల చుట్టూ తొమ్మిదిమంది. నోటరీ, ఇన్‌స్పెక్టరు, డాక్టరు, ఈ ముగ్గురూ పారిస్ నటులు. మిగతా ఆరుగురూ మా ఊరివాళ్ళు. రొట్టెకి రేషన్ టిక్కెట్లు తీసేసి అప్పటికి ఆరునెలలైనా కాలేదు. ఆట కోసం రొట్టె పాడుచేస్తే ఊరు ఊరుకోదని రిహార్సల్స్‌లో దాని చోట ఇటుక పెట్టారు. పదిసార్లు ఇటుక పక్కనే చచ్చాడు నోటరీ. పదకొండోసారి అసలు రొట్టె వచ్చింది. నా చేత్తో నేనే బోర్లించి, "కుదిరింది, ఇంకెవరూ బల్ల ముట్టుకోకండి" అని అరిచి, పుస్తకంలో రాసుకున్నాను.

క్లాప్ కొట్టారు. లైట్లు పోయాయి. లైట్లు వచ్చాయి. నోటరీ వేసే లావాటి నటుడు లియోన్స్ గారు దబ్బున సూపులో పడ్డాడు చూడండి, ముఖం పడ్డ విసురుకి ఒక కేరట్ ముక్క ఎగిరి ఫార్మసీ ఆవిడ నెత్తిన కూర్చుంది! ఆవిడ కేక నిజం కేక. నేను నవ్వాపుకోలేక పుస్తకం నోట్లో కుక్కుకున్నాను. ఆ ఒక్క నిమిషం నేను రొట్టె వైపు చూడలేదు.

నాలుగురోజుల తరవాత పారిస్‌లో కడిగిన ఫిల్ము రైల్లో వచ్చింది. పొద్దున్నే ఊరి సినిమాహాల్లో వేసుకుని చూశాం. లైట్లు పోకముందు రొట్టె బోర్లా. లైట్లు వచ్చాక రొట్టె చక్కగా, తిన్నగా, పై పెంకు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది.

దల్మాస్ గారు సిగరెట్ కింద పడేశాడు. "నీ పుస్తకంలో ఏముంది అమ్మాయ్?"

"బోర్లా అని ఉందండీ."

"లైట్లు వచ్చాక?"

"ఏమీ... రాయలేదండీ."

"ఈ నాలుగురోజుల్లో బోర్లా రొట్టె పెట్టుకుని ఇన్‌స్పెక్టరు మీద ఆరు షాట్లు తీశాను. ఆరు! శనివారం లియోన్స్ నాటకాలకి పారిస్ వెళ్ళిపోతున్నాడు. నా దగ్గర మిగిలింది ఒక్క డబ్బా ఫిల్ము. శవం పోతోంది, ఫిల్ము పోతోంది, నువ్వూ పో. రేపణ్ణించి రావక్కర్లేదు."

తలుపుదాకా వెళ్ళి ఆగాను. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది నాకు. తిరిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాను.

"నన్ను తీసెయ్యండి, సరే. కానీ చీకట్లో ఎవరో తిప్పారు. ఎవరో తెలియకుండా మళ్ళీ తీస్తే మళ్ళీ తిప్పుతారు. ఆఖరి డబ్బా కూడా పోతుంది. ఒక్కరోజు ఇవ్వండి, దొంగని పట్టుకొస్తాను."

హత్య సినిమాలు తీసేవాడికి ఆ మాట నచ్చకుండా ఎలా ఉంటుంది! "శుక్రవారం మధ్యాహ్నం దాకా" అన్నాడు.

ఇక చూసుకోండి, ఊళ్ళో గాలింపు! గుస్తావ్ దగ్గరికి వెళ్తే మాంసం కత్తి మొద్దు మీద దిగేసి, "నేనా? రొట్టెనా? నాకు సాసేజి తప్ప ఇంకోటి కనపడదని ఊరంతా తెలుసు!" అన్నాడు. ఫార్మసీ ఆవిడ, "కేరట్ దెబ్బకే నేను సగం చచ్చాను, ఇంకా రొట్టె కూడానా!" అని తలుపేసింది. ఇన్‌స్పెక్టరు వేసే వెర్నాన్ గారు చేతి తొడుగులు చూపించి, "అమ్మాయ్, నేను నేరాలు పట్టుకునేవాణ్ణి" అన్నాడు. అందరూ ఎవరికివారే కాదన్నారు. అందరూ ఒక్కమాట మాత్రం కలిపారు: "ఎవరైనా అయ్యుండొచ్చు గానీ, మీ నాన్న మాత్రం కాదు. మేష్టారికి అలాంటి పట్టింపులు లేవు."

రాత్రి భోజనాల దగ్గర నాన్న చెమ్చా కింద పెట్టాడు. "తొమ్మిదిమంది, ఒక రొట్టె. నీ కళ్ళెక్కడున్నాయి?"

"నోటరీ మీద."

"అందరూ చూసేవైపు చూడ్డానికి నీకు జీతమెందుకు?"

అమ్మ, "ఊరుకోండి, పిల్ల అసలే తిండి తినడం లేదు" అంది. నాన్న మాట నిజమే, అందుకే ఇంకా మండింది. ఆ కోపంలోనే నాకు ఉపాయం తట్టింది. మర్నాడు పొద్దున్నే అన్నయ్య గదికి పరిగెత్తాను.

"అన్నయ్యా, ఫిల్ము లేకుండా ఒక్క రిహార్సల్ పెట్టిస్తాను. అసలు రొట్టెతో. పది లెక్కపెట్టాక లైటు వేస్తామని అందరికీ చెప్తారు. నువ్వు ఐదుకే వేసెయ్."

"మోసం కదే?"

"సినిమా అంటేనే మోసం."

వాడు నవ్వాడు. "దొరికినవాడి ముఖం నేను కూడా చూడాలి" అన్నాడు.

కోటలో అందరూ వాళ్ళవాళ్ళ చోట్లలో కూర్చున్నారు. రొట్టె బోర్లించాను. దల్మాస్ గారు చెయ్యెత్తాడు. లైట్లు పోయాయి. ఒకటి, రెండు, మూడు... బట్టల గరగర. నాలుగు... గ్లాసు టంగుమంది. ఐదు!

లైటు వెలిగింది.

ఒక్క దొంగ దొరుకుతాడనుకున్నాను నేను. రొట్టె కనపడితేగా! రొట్టె నిండా చేతులు. గుస్తావ్ బొచ్చు చెయ్యి, దాని మీద ఫార్మసీ ఆవిడ ఉంగరాల చెయ్యి, ఇన్‌స్పెక్టరు గారి తొడుగు చెయ్యి, దాని పక్కన ఇంకో మూడు. అంతెందుకు, సూపులో ముఖం పెట్టి చచ్చిపోయిన లియోన్స్ గారి చెయ్యి కూడా వెనకనించి తడుముకుంటూ వచ్చి రొట్టె అంచు పట్టుకునుంది! అన్నిటికంటే అడుగున, అందరికంటే ముందొచ్చి రొట్టెని గట్టిగా పట్టుకున్న చెయ్యి ఒకటుంది. ఆ చేతికి నల్లటి పాదిరీ అంగీ ఉంది.

లియోన్స్ గారు తల పైకెత్తాడు. గడ్డం మీదనించి సూపు కారుతోంది. "బోర్లా రొట్టె పక్కన పడుకుంటే మా అమ్మ ఊరుకోదండీ" అన్నాడు.

అప్పుడు పేలింది నవ్వు! గుస్తావ్ బల్ల గుద్దుతూ, "మేష్టారూ! మీరా! ఎన్నిసార్లు రాయించమంటారు? వందా? రెండొందలా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దల్మాస్ గారు ఏకంగా కుర్చీ ఎక్కాడు. "ఆగండి! లెక్కపెట్టండి! ఎనిమిది చేతులే ఉన్నాయి. తొమ్మిదోది ఎవరిది?"

డాక్టరు వేసే నటుడు బిక్కముఖం వేశాడు. ఆయన చెయ్యి పక్కవాళ్ళ వైన్ గ్లాసు మీద ఉంది. "చీకటి కదా అని..." అన్నాడు.

"డాక్టరే హంతకుడు! కథలో కూడా డాక్టరే! దరిద్రపు ఉత్తరమొకటి దొరికి పట్టుబడతాడని రాసుకున్నాం, నెలరోజులుగా ఆ ఉత్తరం తలుచుకుంటే నాకు నిద్ర లేదు. ఇదిగో రుజువు! చావు రాకూడదనుకున్న ప్రతివాడూ చీకట్లో రొట్టె తిప్పబోయాడు. బోర్లించినవాడికి తిప్పాల్సిన అవసరమేముంది? ఇన్‌స్పెక్టరు లైటు వేయిస్తాడు, చేతులు లెక్కపెడతాడు, అయిపోయింది! సొలాంజ్, పుస్తకం తియ్యి! ఉద్యోగం నీదే! డబ్బా ఎక్కించండర్రా!"

నేను గాల్లో ఉన్నాను. పుస్తకం తెరిచాను. అప్పుడు చూశాను, నాన్న లేచి నిలబడి అంగీ గుండీలు విప్పుకుంటున్నాడు.

"నేను వెయ్యను. ఇంకో పాదిరీని వెతుక్కోండి" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. "మేష్టారూ, మీరు ముందు తీసిన షాట్లన్నిట్లో ఉన్నారు. మీరు లేకపోతే అతకదు. సినిమా లేదు" అన్నాడు దల్మాస్ గారు. నా వైపు చూశాడు. ఆయన ఇంకేం అనక్కర్లేదు. సినిమా లేకపోతే నాకు ఉద్యోగమెక్కడిది?

"ఇక్కడ పదిమంది నవ్వారు, సరే. అది తెర మీద వేస్తే దేశమంతా నవ్వుతుంది. ముప్ఫై ఏళ్ళు నేను చదువు చెప్పిన పిల్లలు చూస్తారు. నావల్ల కాదు" అన్నాడు నాన్న. ముఖం ఎర్రగా కందిపోయింది. ఆ అంగీకి ముప్ఫై మూడు గుండీలు. నాలుగోది విప్పుతున్నాడు. బతిమాలుదామని నోరు తెరిచాను. ఏ ముఖంతో బతిమాలను? పొద్దున అన్నయ్యతో కూర్చుని దొంగకి వల వేసింది నేనే. అందులో పడింది మా నాన్న.

నిచ్చెన చప్పుడయింది. అన్నయ్య దిగి వచ్చి నాన్న ఎదురుగా నిలబడ్డాడు. నాలుగేళ్ళ తరవాత మొదటి మాట.

"ఎందుకు తిప్పావు నాన్నా?"

నాన్న గుండీ వైపే చూస్తూ చెప్పాడు. "నువ్వు పట్టుబడ్డావని కార్డు వచ్చిన రోజు మన బల్ల మీద రొట్టె బోర్లా ఉంది. తిప్పాను. మర్నాడు మీ అమ్మ సరిగ్గానే పెట్టింది. నేనే బోర్లించి, మళ్ళీ తిప్పాను. రోజూ అంతే. ఐదేళ్ళు. ఉట్టి మూఢనమ్మకం. నాకు తెలియదా ఏంటి? తెలుసు."

"మరి నేనొచ్చిన రోజు?"

"బోర్డు మీద భాగహారం తప్పు చేశాను ఆ రోజు. పిల్లలు చెప్పేదాకా కనపడలేదు." నాన్న ముక్కు ఎగబీల్చాడు. "కళ్ళకి ఏమీ కనపడలేదు."

గుస్తావ్ తల వంచుకున్నాడు. ఫార్మసీ ఆవిడ చేతిరుమాలు వెతుక్కుంది. అన్నయ్య చెయ్యి చాచి, విప్పిన గుండీలు పైనించి ఒక్కొక్కటే పెట్టడం మొదలెట్టాడు. నాన్న కాదనలేదు.

"కూచో నాన్నా. లైటు ఆర్పాలి" అన్నాడు.

నాన్న కూచున్నాడు. రొట్టె బోర్లించాను. లైటు పోయింది, లైటు వచ్చింది, ఎనిమిది చేతులు, అడుగున నల్ల అంగీ. ఒక్క దెబ్బలో కుదిరింది. దల్మాస్ గారు టోపీ పైకి ఎగరేస్తే అది లైటు స్టాండుకి తగులుకుని ఇక దిగలేదు. నేను రొట్టె వైపు చూస్తూనే ఉన్నాను, కళ్ళు మసగ్గా ఉన్నా రాశాను. అడుగున ఎవరి చెయ్యి, దాని మీద ఎవరిది, ఒక్కటి వదలకుండా రాశాను. దల్మాస్ గారు అది చదివి, కింద సంతకం పెట్టి, "సెప్టెంబరు ఐదు, పొద్దున ఎనిమిదింటికి, స్టూడియో గేటు దగ్గర" అన్నాడు. నేను ఆయన్ని కౌగిలించుకున్నాను. ఏమనుకున్నాడో ఏమో!

ఆ సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే వీధి గుమ్మంలోంచి వచ్చాడు అన్నయ్య. ఊరంతా అప్పటికే అమ్మకి చెప్పేసింది. ఆవిడ ఏమీ అడక్కుండా నాలుగో కంచం పెట్టి, ఆమ్లెట్ కోసమని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. ముగ్గురం కూర్చున్నాం. నాన్న రొట్టె గుండెలకి ఆనించుకుని కత్తితో కొసముక్క కోశాడు. గట్టిగా, బాగా కాలిన ముక్క. దాన్ని అన్నయ్య కంచంలో పెట్టాడు.

"దీనికోసం చెల్లెలి జుట్టు పీకేవాడివి. పళ్ళున్నాయా ఇంకా?" అన్నాడు.

"ఉన్నాయి నాన్నా" అన్నాడు అన్నయ్య. రెండు చేతులతోనూ తీసుకున్నాడు.

ఆ కొసముక్కంటే నాకూ ప్రాణమే. ఆ రోజు మాత్రం నోరెత్తలేదు.